ఆంగ్లేయ మహాసభయందలి ప్రారంభకృత్యములు: 1604 వ సంవత్సరపు పార్లమెంటు

సంస్కృతనాటకములయందు నాందియు ప్రస్తావనయు గడచినగాని కథ నడువదు. ప్రేక్షకులలో ననేకులు ఆ భాగమును కథకు వెలుపలిదిగా నెంచి, నాయకుడు రంగమున ప్రవేశించుదనుక నుపేక్షతో గూర్చుందురు. ఇంగ్లండు దేశపు పార్లమెంటు చరిత్రమును జదువువారు సైతము దాని ప్రారంభకృత్యములయెడ నిట్టి యుపేక్షనే చూపుదురు. రాజు ఊరేగింపుగా వచ్చుట, దేవాలయమున ధర్మోపన్యాసము జరుగుట, సభ్యులు ప్రమాణములు చేయుట, సభాధ్యక్షుడు తన యనర్హతను దానే చెప్పుకొనుట, అవసరములేని యొక చిత్తుశాసనమును జదువుట, ఇవి యన్నియు వట్టి తంతులుగా దోచును. కాని 16, 17 శతాబ్దులయందు ఈ తంతులలో నొక్కొక్కదానివెనుక నొక్కొక్క ప్రశ్న దాగియుండెను. సభ్యుడనగా నెవడు? వాడు సభ్యుడగునా కాడా యని నిర్ణయించువా రెవరు? సభ కూడినతోడనే విచారింపవలసినది రాజు పిలిచిన పనియా, ప్రజలు చెప్పి పంపిన కష్టములా?

1604 వ సంవత్సరము మార్చి 19 వ తేదీని మొదటి జేమ్సు రాజు తన తొలి పార్లమెంటును ప్రారంభించినపుడు ఈ ప్రశ్నలన్నియు అయిదు దినములలోపలనే బయలువెడలెను. కావున ప్రారంభకృత్యముల తత్త్వము నెరుగుటకు ఆ సభ మిక్కిలి యనుకూలమైన యుదాహరణము. నాటి యాంగ్లేయుల గణనమున సంవత్సరాది మార్చి 25 వ తేదీ గనుక, సభా దినచర్యాగ్రంథములయందు ఈ తొలిదినములు 1603 వ సంవత్సరమునకు జేరినట్లు కనబడును. ఆ లెక్క నెరుగనివారు రెండు వేర్వేరు సభలని భ్రమపడుదురు.

ఆహ్వానము

పార్లమెంటు తనంత తాను గూడునది గాదు. రాజు పిలిచిన గూడును, పొమ్మన్న విడిపోవును. రాజాజ్ఞ కాగా ఛాన్సరీ యను ముద్రాధికార కార్యస్థానమునుండి ఆజ్ఞాపత్రములు వెలువడును. ప్రభువులకును బిషప్పులకును వారివారి పేరనే పత్రములు పోవును. సామాన్యుల సభకు మాత్రము ఆజ్ఞాపత్రము షెరీఫునకు బోవును. అతడు తన మండలమునుండి ఇరువురు నైటులను, పురములనుండి ప్రతినిధులను ఎన్నిక చేయించి, వారి పేళ్లను వ్రాసి మరల ఛాన్సరీకి నివేదింపవలెను. అక్కడ ఆ నివేదనపత్రములను భద్రపరచు నుద్యోగికి క్లార్కు ఆఫ్ ది క్రౌన్ అని పేరు. అతని యొద్దనున్న పట్టికలో పేరు లేనివాడు సభలో నడుగుపెట్టరాదు.

ఇందొక సూక్ష్మము కలదు. ఎన్నికపత్రములు చేరునది రాజు కార్యస్థానమునకు. ఆ యెన్నికవలన ఏర్పడునది ప్రజాప్రతినిధుల సభ. పత్రము సక్రమమా కాదా యను వివాదము వచ్చినచో, దానిని బరిష్కరించు నధికారము పత్రమును భద్రపరచిన వారిదా, పత్రమువలన నేర్పడిన సభదా? 1586 లో నార్ఫోకు మండలపు ఎన్నిక విషయమున ఈ సందేహము పుట్టెను. ఎలిజబెత్తు రాణి అది ఛాన్సలరును న్యాయాధిపతులును జూచుకొనవలసిన పని యని సభకు దెలియబంపెను. సభ మాత్రము ఆ యధికారము తనదే యని తీర్మానించుకొనెను. ఇరువురును తమతమ మాటమీదనే నిలిచియుండిరి గాని విషయము తేలలేదు.

1604 జనవరి 11 వ తేదీని జేమ్సు రాజు ప్రకటించిన శాసనము ఆ మానిన పుండును మరల రేపెను. శాసనబహిష్కృతులను, దివాలా తీసినవారిని ఎన్నుకొనరాదనియు, ఎన్నికపత్రములు ఛాన్సరీకి రావలెననియు, ప్రకటనకు విరుద్ధమైన వానిని అక్కడనే త్రోసివేయుదురనియు అందు గలదు. స్కాట్లండు నేలి యలవాటుపడి, 1603 లో ఎలిజబెత్తు మరణానంతరము ఇంగ్లండు సింహాసన మెక్కిన ఆ రాజు ఈ మాట యెంత దూరము పోవునో ఊహించియుండడు.

తొలినాడు

సభ్యులు వెస్టుమినిస్టరు చేరినపిదప మొట్టమొదట జరుగవలసినది ప్రమాణము. 1563 వ సంవత్సరపు శాసనము ననుసరించి సామాన్యుల సభయందలి ప్రతి సభ్యుడును రాజగృహాధికారియైన లార్డు స్టువర్డు నెదుటగాని, అతడు నియమించినవారి యెదుటగాని, రాజే మతవిషయములందును సర్వాధికారి యని ప్రమాణము చేయవలెను. ఈ నిబంధన ప్రభువులకు లేదు. కథోలికమతస్థుడు సామాన్యుల సభలో బ్రవేశింపకుండుటకై యిది పెట్టిన గడియ.

అటుపిమ్మట రాజు ప్రభువుల సభామందిరమున సింహాసనాసీనుడగును. ప్రభువులు, బిషప్పులు, న్యాయాధిపతులు తమతమ స్థానములయందు గూర్చుందురు. సామాన్యులను బిలిపింతురు. వారు లోనికి వచ్చి కూర్చుండువారు గారు; మందిరపు కొనయందలి యడ్డుకమ్మీకడ నిలువబడి వినవలసినవారు. అప్పటి సామాన్యుల సభ్యులు సుమారు 470 మంది. ఆ చోట అందరును బట్టరు. 1601 లో ఎలిజబెత్తు తుదిపార్లమెంటు ప్రారంభమునందు సైతము తలుపులు మూయబడుటచే ననేకులు వెలుపలనే నిలిచిపోయి, లార్డు కీపరు ఉపన్యాసమును వినజాలక గొణుగుకొనిరి.

1604 లోను అదియే జరిగెను. రాజు చేసిన దీర్ఘోపన్యాసమున తాను వెంటదెచ్చిన శాంతినిగూర్చియు, ఇంగ్లండు స్కాట్లండు రాజ్యముల యేకీకరణమునుగూర్చియు, మతమునుగూర్చియు విశేషముగా నుండెను. కాని దానిని వినవలసినవారిలో బలువురు తలుపు వెలుపల నుండిరి. సర్ హెర్బర్టు క్రాఫ్టు అను సభ్యుని రాజరక్షకభటుడొకడు అవమానకరముగా బలికి లోనికి బోనీయలేదని సభలో ఫిర్యాదు వచ్చెను. ఆ భటుడు తప్పు నొప్పుకొనగా మందలించి విడిచిరి. రాజు మార్చి 22 వ తేదీని సామాన్యులు మరల వచ్చినపుడు తన యుపన్యాసమును వారికై రెండవమారు చెప్పెను. ఇది చిన్న సంగతియే. అయినను రాజు చెప్పినమాట సభ్యులందరును వినియుండవలెననునది మర్యాదకొరకు మాత్రమే కాక, వారి యధికారమునకు సంబంధించిన విషయమని యప్పుడే సభ భావించెనని దీనివలన దెలియుచున్నది.

సభాధ్యక్షుని యెన్నిక

రాజోపన్యాసానంతరము లార్డు ఛాన్సలరు సామాన్యులతో, మీ సభకు బోయి మీ స్పీకరు నెన్నుకొనుడని చెప్పును. సామాన్యులు తమ స్థానమైన సెయింటు స్టీఫెను చాపెలునకు మరలుదురు. స్పీకరనగా మాటాడువాడని యర్థము. సభపక్షమున రాజుతో మాటాడువాడు గనుక ఆ పేరు వచ్చినది. ఆచారమున నతనిని ఎన్నుకొనువారు సభ్యులు. వాస్తవమున నతని పేరు ముందుగనే రాజు మంత్రాలోచనసభలో నిర్ణయింపబడియుండును. రాజోద్యోగియైన సభ్యు డొకడు లేచి ఆ పేరును సూచించును. తక్కినవారు సమ్మతింతురు. సూచింపబడినవాడు తా నసమర్థుడనని మొరపెట్టుకొనుచుండగా ఇరువురు సభ్యులు చేతులు పట్టి యాసనమున గూర్చుండబెట్టుదురు. అతనికి సమావేశమునకు 100 పౌనుల వేతనము రాజకోశమునుండియే ముట్టుచుండెను.

మార్చి 19 వ తేదీని రాజకార్యదర్శి సర్ జాన్ హెర్బర్టు లేచి న్యాయవాదియైన సర్ ఎడ్వర్డు ఫిలిప్సు పేరు చెప్పెను. ఎప్పటివలె సమ్మతిధ్వని వెంటనే రాలేదు. కొంతసేపు మౌనము. ఆ మౌనమునడుమ సర్ ఫ్రాన్సిసు హేస్టింగ్సు, సర్ హెన్రీ నెవిలు, సర్ ఫ్రాన్సిసు బేకను మున్నగువారి పేళ్లు గొణుగుడుగా వినవచ్చెను. తుదకు ఫిలిప్సునే యెన్నుకొనిరి. ఫలితము మారలేదు. కాని యెన్నిక యను మాటకు అర్థముండవలెనని కొందరు తలంచుచున్నట్లు సభకు వినబడెను. ఆనాడు సామాన్యుల సభలో మంత్రాలోచనసభవారు మిక్కిలి కొద్దిమంది. ప్రధానమంత్రివంటివాడైన రాబర్టు సెసిలు ప్రభువుల సభకు వెడలిపోయియుండెను. సభను రాజుపక్షమున నడపు చేతులు తగ్గియుండుట యటుపిమ్మటి కథకు నొక కారణము.

విన్నపములు

మార్చి 22 వ తేదీని సామాన్యులు తమ స్పీకరును రాజసన్నిధికి గొనిపోయిరి. అచ్చట నతడు మరల తన యనర్హతను జెప్పుకొనవలెను. రాజు అంగీకరింపక యతనినే స్థిరపరుపవలెను. స్థిరపడిన స్పీకరు అంతట సభపక్షమున విన్నపములు సేయును. మాటాడుటయందు స్వాతంత్ర్యము, సభ్యులకును వారి సేవకులకును నిర్బంధమునుండి విముక్తి, అవసరమైనపుడు రాజదర్శనము, తన పలుకులలో దొరలు పొరపాటులకు మన్నింపు, ఇవి యా విన్నపములు. రాజు వానిని దయచేయును.

వాక్స్వాతంత్ర్యమును గోరిన విన్నపములలో మనకు దెలిసిన మొదటిది 1523 లో సర్ తామసు మోరు చేసినది. కాని కోరినమాట యొకటి, ఇచ్చినమాట యొకటి కావచ్చును. 1593 లో స్పీకరుగా నున్న ఎడ్వర్డు కోకు ఈ విన్నపము చేసినపుడు లార్డు కీపరు పకరింగు రాణిపక్షమున బదులు చెప్పుచు, వాక్స్వాతంత్ర్యమనగా దోచినదెల్ల మాటాడుట కాదనియు, చిత్తుశాసనములకు అవుననియో కాదనియో చెప్పుటయే యనియు వివరించెను. సింహాసనమునకు వారసు డెవడను ప్రశ్న నెత్తదలచిన పీటరు వెంటువర్తును ఆ యేడే చెరబెట్టిరి. అతడు లండను కోటలోనే మరణించెను. ప్రారంభమున విన్నవించుటలో వాక్స్వాతంత్ర్యము వరముగా గనబడుచుండెను. వరమన్నచో ఇచ్చువాని యిచ్చ. హక్కన్నచో నడుగ బనిలేదు. అడుగుచునే యది తమ హక్కని వాదించుట సామాన్యుల సభకు వచ్చిన చిక్కు.

ఒక చిత్తుశాసనము

రాజసన్నిధినుండి మరలివచ్చిన సభ తాను కూడిన పనికి దిగుటకు ముందు మరియొక కృత్యము కలదు. ఏదో యొక చిత్తుశాసనమును మొదటిమారు చదువుట. ఆ కాలమున ప్రతి చిత్తుశాసనమును మూడుమారులు చదువవలెను. మొదటి పఠనము విషయము దెలియుటకు. రెండవ పఠనమున చర్చ జరిగి, సాధారణముగా ఉపసంఘమునకు బోవును. పిదప తోలుకాగితముపై వ్రాసి మూడవమారు చదివి సమ్మతిని గోరుదురు. ఇప్పుడు చదువు చిత్తుశాసనము మాత్రము రెండవ పఠనమునకు వచ్చునను నాశతో జదివినది కాదు.

1604 మార్చి 22 వ తేదీని ఈ యాచారమును సభ తన దినచర్యాగ్రంథమున నెక్కించెను. ప్రతి పార్లమెంటునందును తొలి దినమున నొక చిత్తుశాసనము మాత్రము, అంతకు మించకుండ, పద్ధతికొరకు మొదటి పఠనము పొందునని దాని తాత్పర్యము. రాజు తమ్ము బిలిచిన కారణమును ఉపన్యాసమున జెప్పెను. సభ దానికి బదులీయక మునుపే తన యిష్టమువచ్చిన విషయము నొకదానిని జేపట్టెను. రాజు చెప్పిన పని సభ చేయవలసిన పనులలో నొకటి గాని, ఏకైకమైనది గాదని యీ పఠనము చెప్పక చెప్పుచున్నది. ఆచార మెపుడు పుట్టినను, పిదపి పార్లమెంటు గ్రంథకర్తలు దాని కిచ్చిన యర్థ మిదియే.

ఈ యాచారము నేటికిని నిలిచియున్నది. ప్రభువుల సభలో చదువునది చర్చి పాలకసంఘములకు సంబంధించిన చిత్తుశాసనము. సామాన్యుల సభలో చదువునది రహస్యముగా జరుగు శాసనబహిష్కారములను వారించు చిత్తుశాసనము. ఇది యెన్నడును శాసనము కాబోదు. ఆ చిత్తుశాసనమునకును 1604 వ సంవత్సరపు వివాదమునకును కార్యకారణసంబంధము చూపరాదు. అయినను ఆ వివాదమును శాసనబహిష్కారమునుగూర్చినదే యగుట చిత్రము.

గుడ్విను వివాదము

మార్చి 22 వ తేదీని చిత్తుశాసనపఠనము కాగానే బకింగుహామ్ మండలపు నైటగు సర్ విలియము ఫ్లీటువుడు లేచి, తనతో గూడ ఎన్నికైన సర్ ఫ్రాన్సిసు గుడ్విను సభలో లేకుండుటకు గారణ మేమని యడిగెను. ఆ మండలమున మంత్రాలోచనసభవాడగు సర్ జాన్ ఫార్టెస్క్యూ నిలిచియుండగా, భూమిగల యోటర్లు గుడ్విను పేరునే కేకవేసిరి. షెరీఫు గుడ్వినును నివేదించెను. గుడ్విను ఋణవ్యాజ్యెములలో శాసనబహిష్కృతుడైనాడను కారణముతో ఛాన్సరీవారు ఆ పత్రమును ద్రోసివేసి, క్రొత్త యాజ్ఞాపత్రము బంపిరి. రెండవ యెన్నికలో ఫార్టెస్క్యూ వచ్చెను.

మరునాడు, అనగా 23 వ తేదీని, క్లార్కు ఆఫ్ ది క్రౌన్ సర్ జార్జి కాపిను పత్రములతో సభకు రప్పింపబడెను. గుడ్విను అడ్డుకమ్మీకడ నిలిచి తన సంగతి చెప్పుకొనెను. సభ విచారించి, గుడ్వినే సక్రమముగా ఎన్నికైనవాడని తీర్మానించెను. అతడు వెంటనే ప్రమాణము చేసి తన స్థానమున గూర్చుండెను. రాజు ప్రకటన ననుసరించి ఛాన్సరీ చేసినపనిని సభ రెండుదినములలో గొట్టివేసెనన్నమాట.

27 వ తేదీని ప్రభువుల సభనుండి వర్తమానము వచ్చెను. అంతకు ముందే సామాన్యులు బాలసంరక్షణాధికారము మొదలగు విషయములనుగూర్చి ప్రభువులతో సమాలోచనము గోరియుండిరి. ప్రభువులు దానికి సమ్మతించుచు, మొట్టమొదట గుడ్విను సంగతి మాటాడవలెననిరి. వరుసక్రమమే యిచ్చట వివాదహేతువైనది. తాము తీర్మానించిన విషయమునకు మరియొక సభకు సమాధానము చెప్పుట తమ సభాగౌరవమునకును క్రమమునకును దగదని సామాన్యులు బదులిచ్చిరి. అంతట రాజే తన గౌరవమునకు భంగము కలిగినదని తెలియజేసెను. స్పీకరును సభ్యులును రాజసన్నిధికి బోగా, వారి విశేషాధికారములన్నియు దన్నుండి కలిగినవే యనియు, వానిని తనమీదనే ప్రయోగింపరాదనియు రాజు నుడివెను.

సభలో వాదోపవాదములు జరిగెను. సామాన్యుల వాదమునందలి బలమైన యుక్తి యిది: ఛాన్సలరు పత్రములను ద్రోయవచ్చునన్నచో, అతనికి నచ్చనివారి నందరను ద్రోసి, నచ్చినవారితో సభను నింపవచ్చును, అట్టి సభ ప్రజలది గాజాలదు. రాజుపక్షమువారి యుక్తియు దుర్బలము గాదు: పత్రములు న్యాయస్థానపు లేఖ్యములు, వానిని బరీక్షించుట న్యాయాధిపతుల పని, శాసనమునకు లోబడని వాడు శాసనములను జేయుట యెట్లు? ఏప్రిలు 3 వ తేదీని సభ తన కారణములను వ్రాతమూలమున బ్రభువుల కందజేసెను. 5 వ తేదీని రాజు తన సంపూర్ణాధికారముచే, న్యాయాధిపతులతో సమాలోచనము చేయవలసినదని యాజ్ఞాపించెను. సభ కొంతతడవు నిశ్చేష్టమై యుండెను.

11 వ తేదీని చిక్కు వీడెను. గుడ్వినును ఫార్టెస్క్యూను ఇరువురను విడిచి, క్రొత్తగా నెన్నిక జరిపింపవలెనని రాజు మధ్యమార్గము సూచించెను. సభ యంగీకరించెను. గుడ్విను తన సమ్మతిని వ్రాసి యిచ్చెను. గుడ్విను స్థానము పోయినది గనుక సభ యోడినట్లు పైకి గనబడును. కాని క్రొత్త యాజ్ఞాపత్రమునకై యనుజ్ఞ వెలువడినది సభనుండి. అటుపిమ్మట వివాదగ్రస్తములైన ఎన్నికలను సభయే విచారించుట స్థిరపడెను. ప్రతి పార్లమెంటు ప్రారంభమునను విశేషాధికారములనుగూర్చియు ఎన్నికపత్రములనుగూర్చియు నొక ఉపసంఘమును నియమించుట నిత్యకృత్యమైనది. 1868 వ సంవత్సరపు శాసనముచే న్యాయాధిపతులకు ఆ విచారణ నొప్పగించువరకు, రెండున్నర శతాబ్దులకు బైగా, ఆ యధికారము సభచేతనే యుండెను.

షెర్లీ నిర్బంధము

అదే దినములలో మరియొక వివాదము లేచెను. స్టెయినింగు పురప్రతినిధి సర్ తామసు షెర్లీ మార్చి 15 వ తేదీని, సభ కూడుటకు నాలుగుదినములముందు, ఒక కంసాలి బాకీనిమిత్తము పట్టువడి ఫ్లీటు చెరసాలలో బడెను. స్పీకరు నిర్బంధవిముక్తిని విన్నవించినది 22 వ తేదీని. అది వరమైనచో అంతకు ముందు పట్టువడినవానికి వర్తింపదు. హక్కైనచో వర్తించును. సభ హక్కు పక్షము వహించెను.

చెరసాలాధికారికి మాత్రము నిజమైన భయమొకటి యుండెను. డిక్రీప్రకారము పట్టువడిన ఋణస్థుని విడిచిపెట్టినచో బాకీదారునికి మరల నతనిని బట్టు నవకాశము నాటి న్యాయమున లేదు. ఆ సొమ్ము అధికారి నెత్తిమీద బడును. కావున నతడు విడువననెను. మే నెలలో సభ యతనిని లండను కోటకు బంపి, నిలువను బరుండను వీలులేని యిరుకుగదిలో నుంచెను. తుదకు నతడు షెర్లీని విడిచెను. పిదప నొక శాసనమును జేసి, సభ్యుని విడిచిన యధికారికి బాధ్యత లేదనియు, సభ్యుని కాలము తీరినపిదప బాకీదారుడు మరల నతనిని బట్టవచ్చుననియు నిర్ణయించిరి. సభాస్వాతంత్ర్యమునకై యొక వర్తకుని సొమ్ము పోగూడదను వివేకము ఈ శాసనమున గనబడుచున్నది.

కష్టముల పట్టిక

మార్చి 23 వ తేదీని, అనగా పని మొదలైన రెండవనాడే, సర్ రాబర్టు రోతు లేచి సభ విచారింపవలసిన విషయములను వరుసగా జెప్పెను. బాలురైన భూస్వాముల యాస్తిని రాజు తన వశమున నుంచుకొని యితరుల కమ్ముట, రాజగృహమునకై సరకులను దక్కువవెలకు గైకొను నుద్యోగుల దౌర్జన్యము, గుత్తాధిపత్యములు, దండనశాసనములనుండి డబ్బుకు మినహాయింపు లిచ్చుట మున్నగునవి యందు గలవు. అతని వెనుక సర్ ఎడ్వర్డు మాంటేగు మతన్యాయస్థానముల బాధను, విద్వాంసులైన బోధకుల తొలగింపును, పంటభూములకు గంచెలు వేసి గ్రామములను బాడుపెట్టుటను జెప్పెను.

రాజు పట్టికలో మొదటిది రాజ్యముల యేకీకరణము. సభ పట్టికలో నది మొదట లేదు. రెండు పట్టికలలో నేది ముందు నడువవలెనను ప్రశ్నయే యా సమావేశ మంతయు వ్యాపించెను. జూలై 7 వ తేదీని సభ నిలిచిపోవునప్పటికి ఏకీకరణమునుగూర్చి యాలోచించుటకు ప్రతినిధులను నియమించు శాసనము మాత్రము పుట్టెను; రాజునకు సబ్సిడీ పన్ను రాలేదు; బాలసంరక్షణాధికారమును బోలేదు.

అభిప్రాయభేదములు

ఈ వృత్తాంతమును చరిత్రకారు లొక్కరీతిగా జదువలేదు. 1924 లో వాలెసు నోటెస్టీను సామాన్యుల సభ కార్యారంభాధికారమును గెలుచుకొన్న విధమును ఉపన్యసించుచు, ఉపసంఘములు, పఠనక్రమము వంటి చిన్న పద్ధతులద్వారమున రాజోద్యోగుల నాయకత్వము జారిపోయెనని ప్రతిపాదించెను. జి. ఆర్. ఎల్టను 1965 లో దీనివంటి కథనములను శంకించెను. 1604 జూన్ 20 వ తేదీని సభలో జదివిన యపాలజీ యను హక్కుల నివేదనమును రాజునకు సమర్పింపనే లేదనియు, దానిని యంతర్యుద్ధమునకు సోపానముగా జూపుట సరికాదనియు నతని వాదము. గుడ్విను వివాదమును మండలమందలి పెద్దల స్పర్ధయే యని కొందరు తలంతురు.

ఈ యాక్షేపణలు గ్రాహ్యములే. 1604 లోని సభ్యులు రాజద్రోహులు గారు. యుద్ధమును గోరినవారును గారు. వారు పలుమారులు తాము ప్రాచీనాచారమునే రక్షించుచున్నామనిరి, ఆ మాటను నమ్మిరి. అయినను పద్ధతులకు దమదైన బలము కలదు. స్థానికస్పర్ధనుండి పుట్టినను తీర్మానము దినచర్యాగ్రంథమున నెక్కినపిదప పూర్వోదాహరణమగును. ఆ వెనుక వచ్చువారికి స్పర్ధ గుర్తుండదు, ఉదాహరణమే మిగులును. 1614 లో కూడిన పార్లమెంటువారు తమలో రహస్యకథోలికులున్నచో బయటపడుటకై సభ్యులందరును గలిసి ప్రభుభోజనసంస్కారమును స్వీకరించుటను ప్రారంభకృత్యములలో జేర్చి, వెస్టుమినిస్టరు ఆబీని గాదని సెయింటు మార్గరెటు చర్చిని గోరుకొనిరి. ఆ పార్లమెంటు ఒక్క శాసనమైనను జేయకుండ రద్దయ్యెను. శాసనములు పుట్టలేదు, ఆచారము పుట్టినది. ఆ చర్చి నేటికిని సామాన్యుల సభకు సొంత దేవాలయమువంటిది.

మన రాజ్యాంగమున

ఈ విషయము మన దేశమునకు దూరమైనది గాదు. 1950 లో నమలులోనికి వచ్చిన భారతరాజ్యాంగమున 105, 194 అధికరణములు, శాసనసభల విశేషాధికారములు ప్రత్యేకశాసనము చేయువరకు ఆంగ్ల సామాన్యుల సభ విశేషాధికారములవంటివే యని చెప్పెను. గుడ్విను, షెర్లీల వివాదములనుండి పెరిగిన యధికారముల నీడ ఆ విధముగా మన సభలమీద బడెను. ఆ సభ పేరును 1978 వ సంవత్సరపు 44 వ సవరణశాసనము తొలగించెను.

అంతకంటె దగ్గరి పోలిక 87, 176 అధికరణములయందు గలదు. రాష్ట్రపతియు గవర్నరును సభల నుద్దేశించి ప్రారంభోపన్యాసము చేయవలెననియు, దానిపై చర్చకు నియమములలో దావు కల్పింపవలెననియు నవి విధించుచున్నవి. మొదటి పాఠమున ఆ చర్చకు సభయందలి యితరకార్యములకంటె బ్రాథమ్య ముండవలెనను మాటలును గలవు. 1951 వ సంవత్సరపు మొదటి సవరణశాసనము ఆ మాటలను దొలగించెను. ఏలినవారి యుపన్యాసమా, సభవారి పనియా, ఏది ముందు? 1604 లో సెయింటు స్టీఫెను చాపెలునందు ఒక చిత్తుశాసనపఠనముతో సభవారు దెలిపిన సమాధానమునకును, 347 ఏండ్ల తరువాత మన రాజ్యాంగమునుండి కొన్ని మాటలు తొలగుటకును ప్రశ్న యొక్కటే. కావున సభల చరిత్రమును జదువువారు తొలిదినముల తంతును దాటి పోరాదు. ఏ పనికి ముందు ఏ పని జరుగవలెనో నిర్ణయించువాడే ఆ సభకు యజమాను డగును.